పోటు లేని పోటు
(అమృత మహోత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠము)



డెబ్బది యైదేండ్ల ఈ పాఠశాల ఘనతను పెద్దలు ఇప్పటికే ముచ్చటించారు. నేను మనందరి ఆరోగ్యానికి సంబంధించిన ఒక్క విషయం మనవి చేయదలచాను. అది రక్తపోటు పరీక్ష.

1953లో మైసూరు రాష్ట్రంలో చేరడానికి ముందునుండీ మన బళ్ళారి రెండు నుడుల కూడలి. తెలుగువారు ‘రక్తపోటు’ అన్నదానిని కన్నడిగులు ‘రక్తదొత్తడ’ అంటారు. అనగా రక్తపు ఒత్తిడి. మన మాటలోని ‘పోటు’కు అర్థం ఒత్తిడే. కాని తలపోటు, పంటిపోటు ఎరిగిన మనకు ఆ మాట వినగానే నొప్పి స్ఫురిస్తుంది. “నాకు ఏ పోటూ లేదు, పరీక్ష ఎందుకు?” అనుకుంటాము. ప్రమాదమంతా ఇక్కడే ఉన్నది. ఈ పోటుకు సాధారణంగా నొప్పి ఉండదు.

నేను ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో లెక్కల మాస్టారొకరు మాతో పనిచేసేవారు. సెలవు పెట్టి ఎరుగరు. ఏటా ఆరోగ్య పరీక్షనాడు ఎత్తు, బరువు, చూపు చూపించేందుకు పిల్లలను వరుసలో నిలిపేది ఆయనే. ఒకనాడు నల్లబల్లపై లెక్క చేస్తూ సుద్దముక్క జారవిడిచారు. పక్షవాతం. ఆ కుడిచేయి మళ్ళీ బల్లమీద వ్రాయలేదు. ఆనాడు ఆసుపత్రిలో తీసినదే ఆయన జీవితంలో మొదటి రక్తపోటు కొలత. అన్నేండ్లూ వైద్యులు మా ముంగిటికి వచ్చినా, ఆయనగాని మేముగాని ఆ వరుసలో ఒక్కనాడూ నిలబడలేదు.

గుండె నెట్టిన రక్తం నాళాల గోడలను ఒత్తే బలమే రక్తపోటు. అది ఏండ్ల తరబడి హెచ్చుగా ఉంటే మెదడు, గుండె, మూత్రపిండాలు, కళ్ళు దెబ్బతింటాయి. 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచి చేతికి పట్టీ చుట్టి కొలిచే సాధనం చేశారు. 1905లో రష్యా వైద్యుడు కొరోట్కోఫ్ నాడి చప్పుడు విని రెండు అంకెలు గుర్తించే పద్ధతి చెప్పారు. అయినా తగిన మందులు లేని ఆ కాలంలో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ అధిక రక్తపోటుతో బాధపడి, 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై మరణించారు. 1949లో బొంబాయి వైద్యులు రుస్తుం జాల్ వకీల్ మన సర్పగంధ వేరు ఈ వ్యాధిలో చూపే గుణాన్ని లోకానికి తెలియజేశారు. నేడు అంతకన్న మేలైన మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే ఉచితంగా ఇస్తున్నారు. కొలిపించుకొనుటే మిగిలి ఉన్నది.

ముప్పది యేండ్లు దాటినవారు ఏడాదికి ఒకమారైనా పరీక్ష చేయించుకోవాలి. అరగంట ముందునుండి కాఫీ, పొగ మానాలి. అయిదు నిమిషాలు నెమ్మదిగా కూర్చుని, వీపు ఆనించి, పాదాలు నేలపై ఉంచి, చేతిని గుండె ఎత్తున పెట్టాలి. మాటలాడరాదు. ఒక్క కొలతతో భయపడనక్కరలేదు. వేర్వేరు రోజులలో చూసినా 140/90 గాని అంతకు మించిగాని ఉంటే వైద్యుని సలహా తప్పనిసరి. అంకె తగ్గినదని మాత్రలు స్వయంగా మానరాదు. రోజుకు ఉప్పు అయిదు గ్రాములకు, అనగా ఒక చెంచాకు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆవకాయ, అప్పడం, ఉగ్గాని పక్కన బజ్జీ, వీటిలోని ఉప్పు కూడా ఆ చెంచాలోనిదే.

ఈ ఉత్సవానికి గుర్తుగా ఏమి ఇమ్మంటారని పూర్వ విద్యార్థులు అడిగారు. రక్తపోటు చూసే యంత్రం ఒకటి ఇప్పించండి. అది ఉపాధ్యాయుల గదిలో ఉంటుంది. ప్రతి తరగతికి ఒక పుస్తకం పెడతాము. విద్యార్థుల ప్రగతి పత్రాలపై తల్లిదండ్రులు సంతకం చేయడం ఆనవాయితీ. ఇకపై తల్లిదండ్రుల అంకెల ఎదుట పిల్లలు సంతకం చేస్తారు. ఉపాధ్యాయుల పుస్తకంలో మొదటి పేరు నాదే.

పిల్లలను వరుసలో నిలబెట్టే మనమందరం ఈసారి వరుసలో నిలబడుదామని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.