పాత వ్యానుకు మారు తలుపు

ఉదయము ఎనిమిది గంటలవేళ లాల్ దర్వాజానుండి శాలిబండవైపు నడచువారికి మారుతీ వ్యానులు ఎదురుపడకుండుట అరుదు. ఒకదానిలో బడిపిల్లలు, మరొకదానిలో పెండ్లివంటల గుండిగలు, వేరొకదానిలో పూలబుట్టలు. ఓమ్ని అను ఈ బండి తయారీ 2019లో నిలిచిపోయినది. ప్రమాదపరీక్షలను గూర్చిన క్రొత్త నిబంధనలను అది దాటలేకపోయినది. అయినను పాతబస్తీ సందులలో తిరుగుటకు దానికి సాటి లేదని యజమానులు దానిని విడువరు. వారి చిక్కంతయు రేకు వంగిననాడు మొదలగును. క్రొత్త తలుపు వెల విని వెనుదీసినవాడు పాత రేకుల అంగడికి పోవును.

అచ్చట మొదట వినబడు మాట "ఓమ్నియే కదా, సరిపోతుంది, తీసుకుపొండి" అనునది. ఆ మాటను నమ్మి మేమును ఒకమారు నష్టపోయితిమి.

మా పొరుగువాని వ్యానుకు ప్రక్కకు జరుగు తలుపు కావలసివచ్చి, అతనితోకూడ మేమును పోయితిమి. రంగు సరిగా కలిసినది, వెలయు తగ్గినది. రంగు కలిసిన సంతోషములో తక్కినవి చూడ మరచితిమి. బిగించిన తరువాత తలుపు జరిగినది గాని, గడియ నాలుక పూర్తిగా పడలేదు. రెండుమారులు బలముగా వేసినగాని మూసికొనదు. రెండుదినములు అతడు దానిని త్రాటితో కట్టి బండి నడిపెను. లోపల బడిపిల్లలున్నారు! మూడవనాడు షెడ్డులో విప్పించి చూడగా, ఆ తలుపు ఇదివరకే దెబ్బతిన్నదనియు, క్రింది రోలరు చేయి వేరొకచోట అతికినదనియు తేలినది. అంగడివాడు తిరిగి తీసికొనలేదు. అతడు అబద్ధమాడెనని మేము చెప్పజాలము. అది ఓమ్ని తలుపే. ఏ బండినుండి ఊడదీసినది, అది ఏ సంవత్సరపుది, ఎట్టి దెబ్బ తిన్నది అని మేము అడుగనే లేదు.

ఒకే పేరు చాలదనుటకు ఈ బండి చరిత్రయే సాక్ష్యము. 1984లో ఇది వట్టి మారుతీ వ్యానుగా వచ్చినది; 1988లో ఓమ్ని అయినది; 1998లోను, 2005లోను దాని రూపములో మార్పులు జరిగినవి. ఇక సామాను మోయు కార్గో రకమునకు అద్దమున్నచోట మూసిన రేకు ఉండవచ్చును. ఇందుకు ఎదురు ఉదాహరణమును కలదు. 2001లో వచ్చిన వెర్సా, 2010లో వచ్చిన ఈకో పేర్లు వేరైనను ఒకే వంశమువి. అందుచేత బయలుదేరునపుడే రిజిస్ట్రేషను పుస్తకమునుండి తయారైన నెల, సంవత్సరము, రకము వ్రాసికొని పోవలెను.

అంతకంటె మేలైనది, వంగిన పాత తలుపునే ట్రాలీ ఆటోలో వేసికొనిపోవుట. రెండింటిని నేలపై ప్రక్కప్రక్కన పరచి టేపు పట్టవలెను. మూలనుండి మూలకు రెండు ఐమూలలు, అద్దపు కంత, బీడింగు పట్టు అంచు, గడియ స్థానము కొలువవలెను. జరుగు తలుపునకు పైన, నడుమ, క్రింద ఉండు రోలరు చేతులను మరువరాదు. ముందు తలుపైనచో కీలు రంధ్రముల నడిమి దూరము చూడవలెను. రంధ్రములు కోలగా సాగియుండినచో ఆ తలుపు బరువుకు వ్రేలాడినదని గుర్తు. వంగిన భాగముల కొలత నమ్మదగదు. వంగని అంచులే ప్రమాణము.

పిదప గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతమును రేకుపై జరుపవలెను. ఉక్కురేకును గట్టిగా పట్టు అయస్కాంతము ఎచ్చట జారునో అచ్చట రంగు క్రింద లప్పము దట్టముగా నున్నది. క్రింది మడతను వ్రేలితో తడిమినచో త్రుప్పు పొట్టు రాలును. అంగడివారు ఇందుకు విసుగుకొందురు. విసుగుకొననిండు.

ముందు రేకు విషయములో మరింత జాగ్రత్త కావలెను. ఈ బండికి ముక్కు లేదు. ఇంజను ముందు సీటు క్రింద నున్నది. నడుపువాని మోకాళ్ళకు ఎదుట మిగిలినది ఆ పలుచని ముందుభాగమే. తలుపువలె దానిని మరలు విప్పి తీయుట కాదు. కోసి, మరల వెల్డింగు చేయవలెను. అంచు విడువక కురచగా కోసిన ముక్క ఎంత చవుకయైనను మాకు వలదు.

రసీదు లేనిదే ఏ రేకును కొనరాదు. ఏ బండినుండి తీసినదో అందులో వ్రాయించుకొనవలెను. దొంగసొత్తని తెలిసియో, అట్లు నమ్ముటకు తగిన కారణముండియో దానిని కొనువాడు నేరస్థుడగును. 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో ఇది 317వ సెక్షను.

మా పొరుగువాడు రెండవమారు పాత తలుపును ఆటోలో వేసికొనిపోయి, నాలుగు అంగళ్ళు తిరిగి, కొలిచి కొనెను. ఇపుడది ఒక్క త్రోపుతో మూసికొనుచున్నది. బండి తెలుపు, తలుపు నీలము. మేము చూచి నవ్వగా, "రంగుదేముందండీ, దసరాకు వేయిస్తాను" అనెను.