చిన్న దవాఖానాకు డబ్బు ఎట్లా చెల్లించాలి?



వైద్యం గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు మమ్ములను కోరినారు. రోగాల పేర్లు వల్లించక, డాక్టరుకు డబ్బు ఏ పద్ధతిన ముట్టవలెనన్న విషయం ఎత్తుకుంటున్నాము. ఇదేదో లెక్కల గొడవ అనుకోవద్దు. మన బస్తీల్లో ఎవరి కాలు నిలుస్తుంది, ఎవరి మూత్రపిండాలు నిలుస్తాయన్నది చాలావరకు ఈ గొడవలోనే ఉన్నది.

మన సంగతే చూడండి. జ్వరమొస్తే ఆర్.ఎం.పి. దగ్గరకు పోతాం. ఆయన సూది వేస్తే సంతోషంగా డబ్బులిస్తాం. "సూది అక్కరలేదు, నీళ్ళు బాగా తాగి రెండురోజులు చూడండి" అన్నవాడికి ఏమిస్తాం? పైసా ఇవ్వం. పైగా వైద్యం రాదంటాం. అందుకే ఆయన సూది వేస్తాడు, సెలైను కూడా ఎక్కిస్తాడు. మనం దేనికి చెల్లిస్తామో అదే దొరుకుతుంది.

ప్రభుత్వపు చెల్లింపు కూడా దీనికి మరీ దూరంగా లేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ ఎందరో బీదలకు గుండె ఆపరేషన్లు చేయించినది. ఆ మేలు మరచేవాళ్ళం కాము. అయితే అది ప్రధానంగా పెద్ద ఆస్పత్రిలో జరిగే చికిత్సకు, ఒక్కొక్కదానికి ఇంత చొప్పున చెల్లించు పథకము. షుగరు, బి.పి. అదుపు తప్పి మూత్రపిండాలు చెడిన మనిషికి వారానికి రెండు మూడు మార్లు డయాలిసిస్ చేయవలసి వస్తుంది. చేసిన ప్రతిసారీ ఆస్పత్రికి డబ్బు ముడుతుంది. అదే మనిషికి పదేళ్ళ ముందు బి.పి. చూసి, మూత్రంలో ప్రొటీను పోతున్నదని కనిపెట్టి, మాత్రలు మానకుండా వెంటబడిన నర్సమ్మ ఒకరుంటే? ఆమె వల్ల తప్పిపోయిన డయాలిసిస్ ఏ ఖాతాలోనూ కనబడదు.

మరి ఏ పద్ధతి మంచిది? వచ్చిన రోగికి ఇంత అంటే, అవసరం లేకున్నా మళ్ళీ రమ్మంటారు. ఒట్టి జీతమంటే, రోగులు తగ్గినా పెరిగినా ఒకటే. థాయిలాండులో 2001లో మొదలైన "30 బాత్" పథకం వేరే దారి పట్టినది. అక్కడ తాలూకా స్థాయి ఆస్పత్రి, దాని కింది చిన్న ఆరోగ్య కేంద్రాలు ఒక జట్టు. ప్రజలు అందులో నమోదవుతారు. బయటి రోగుల వైద్యానికి తలకింత చొప్పున ఏటా ముందుగానే ఆ జట్టుకు చేరుతుంది. మనిషి ఆరోగ్యంగా ఉంటే జట్టుకే లాభం. ఇందులోనూ మోసానికి సందు లేకపోలేదు. ఖర్చు తగ్గించుకొనేందుకు జబ్బు మనిషిని దూరం పెట్టవచ్చును, అవసరమైన పరీక్ష ఎగ్గొట్టవచ్చును. కనుక ముసలివారికి, షుగరు ఉన్నవారికి తలసరి మొత్తం ఎక్కువగా కట్టాలి. ఇంటికి పోయి చూసిన పనికి వేరుగా కొంత ఇవ్వాలి. రెండూ కలిపితేనే నడుస్తుందని మా అభిప్రాయం.

డబ్బు మారితే చాలదు, వైద్యం అందే తీరూ మారాలి. హైదరాబాదులో 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చినవి. మందులు ఉచితం, డాక్టరు, నర్సు ఉంటారు. చాలా మంచిది. కాని పగటిపూట నడిచే దవాఖానాకు ఆటో నడిపేవాడు, అడ్డా మీద కూలికి నిలబడేవాడు ఎట్లా వస్తాడు? ఒకపూట కూలి పోతుంది. మందు ఉచితమే, రావడం ఉచితం కాదు! బి.పి. నిలకడగా ఉన్నవాడికి ఒకేసారి రెండు మూడు నెలల మాత్రలివ్వవచ్చు. ప్రతి ఇంటికి ఒక పుస్తకం ఉండి, డాక్టరు మారినా పాత సంగతి అందులో దొరకాలి.

వీటిలో మేము ముందుగా అడుగుతున్నది సాయంకాలపు వేళలు. కొత్త భవనం అక్కరలేదు. చీకటి పడకముందే తాళం పడే గదినే రాత్రి ఎనిమిది దాకా తెరవవచ్చు. ఆ అదనపు గంటలకు డాక్టరుకూ నర్సుకూ ఎవరు, ఏ లెక్కన ఇస్తారన్నది మొదట తేలాలి.