రెట్టింపు అంటే ఎంత?



సమాచారం దాచిపెట్టటం వల్ల స్త్రీలకు జరిగే అన్యాయం మనకు కొత్త కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్‌ను ప్రయోగించబోతూ, అది ప్రయోగమని ఆడవాళ్ళకు వివరించకపోతే స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది మరో రకం అన్యాయం గురించి. పరిశోధనలో తేలిన నిజాన్ని పత్రికలు సగమే చెప్పటం గురించి.

1995 అక్టోబరులో బ్రిటన్‌లో మందుల భద్రతా కమిటీ ఒక హెచ్చరిక చేసింది. మూడో తరం గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళలో, సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పాత మాత్రలకన్నా దాదాపు రెట్టింపని పరిశోధనల్లో తేలిందన్నది దాని సారాంశం. పత్రికలు, టీవీలు ఆ 'రెట్టింపు' అన్న మాటనే పట్టుకున్నాయి. అది అబద్ధం కాదు. కానీ దేనికి రెట్టింపు? పాత మాత్రలు వాడే సుమారు 7,000 మందిలో ఏడాదికి ఒకరికి వచ్చే జబ్బు, కొత్తవాటితో ఇద్దరికి వస్తుంది. ఈ లెక్క చాలామంది ఆడవాళ్ళ దాకా చేరనే లేదు.

భయపడి ఎంతోమంది ఉన్నపళంగా మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో గర్భస్రావాలు సుమారు 13,000 అదనంగా జరిగాయని అంచనా. నిజానికి గర్భం వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రల వల్ల వచ్చేదానికన్నా ఎక్కువ!

అయితే ఆ వార్త రాయకూడదా? తప్పకుండా రాయాలి. 7,000 మందిలో ఆ రెండో స్త్రీ కూడా మన మనిషే. మాత్ర వాడాలా, వేరే పద్ధతికి మారాలా అన్నది ఆమె నిర్ణయం. ఆ నిర్ణయం నిజంగా ఆమెది కావాలంటే లెక్క మొత్తం ఆమె చేతికి రావాలి.

పత్రికలో ఆరోగ్యం పేజీ చదివి సంఘం మీటింగులో చెప్పేది మనమే. అందుకని ముందు మనం అడగాలి. ఎంతమందిలో ఎంతమందికి? దేనితో పోల్చి చెబుతున్నారు? మానేస్తే వచ్చే ప్రమాదమేమిటి? పరిశోధన ఎవరి మీద, ఎవరి డబ్బుతో జరిగింది? వార్తలో జవాబు లేకపోతే సంపాదకునికి ఉత్తరం రాద్దాం. జవాబు దొరికేదాకా 'రెట్టింపు' అన్న మాటను మాత్రం ఊళ్ళోకి మోసుకెళ్ళవద్దు.