ముగ్గుపిండితో గీసిన నీడ

  

సాహిత్య సదస్సులో అధ్యక్షోపన్యాసమంటే కావ్యాల మీదో విమర్శ మీదో సాగడం రివాజు. ఈసారి విషయం మూడేళ్లు నిండి ఆరేళ్లు నిండని పిల్లలు. వాళ్లకింకా చదవడం రాదు, రాయడం రాదు. కానీ గోడ మీద ఆడే వెలుగు మరకను పట్టుకోబోతారు. మిణుగురు వెంట పరుగెడతారు. తమ నీడను తామే తొక్కాలని చూసి ఓడిపోతారు, మళ్లీ ప్రయత్నిస్తారు. ఆ పిల్లలకు వెలుగునూ ప్రకృతినీ చేతులారా ఎలా పరిచయం చేయాలన్నదే ఇక్కడి ప్రశ్న. చెప్పదలచింది ఒక్కటే. ముందు చూపు, ఆ చూపు వెంట మాట, ఆ మాట వెంట అక్షరం రావాలి. మన తరగతి గదుల్లో ఈ వరస తలకిందులైంది.

సూర్యుడి బొమ్మకు పసుపు రంగు వేయించి, కింద ‘సన్’ అని నాలుగుసార్లు దిద్దించడమే చాలాచోట్ల వెలుగు పాఠమైపోయింది. కిటికీలోంచి పడిన అసలు ఎండ అదే గదిలో, ఆ పిల్లల కాళ్ల దగ్గరే నేల మీద మెల్లగా జరుగుతూ ఉంటుంది. దాన్ని చూడమని చెప్పేవాళ్లుండరు. చూసిన పిల్లను ‘దిక్కులు చూడకు’ అంటారు.

నీడ గురించి చిన్నపిల్లలు ఏమనుకుంటారో శ్రద్ధగా విన్నవాడు స్విట్జర్లాండు మనోవైజ్ఞానికుడు పియాజే. 1927లో వెలువడిన పుస్తకంలో ఆయన వాళ్ల జవాబులను వయసుల వారీగా పేర్చి చూపాడు. అయిదేళ్ల ప్రాంతంలో పిల్లలకు నీడ ఒక వస్తువు. అది చెట్ల కింది నుంచో రాత్రి నుంచో వస్తుంది. కొంచెం పెద్దయ్యాక, అది మనిషిలోంచి బయటికొస్తుందంటారు. ఆ పైన, వెలుగుకు భయపడి అవతలి పక్కకు పోతుందంటారు. వెలుగు అడ్డగింపబడిన చోటే నీడ అన్న సంగతి ఎనిమిది, తొమ్మిదేళ్లకు గానీ స్థిరపడదు. కాబట్టి ‘నా నీడ రాత్రి నిద్రపోతుంది టీచర్’ అన్న నాలుగేళ్ల పిల్లను దిద్దబోవడం వృథా. ఆమె తన కళ్లతో చూసినదాన్ని తన బుద్ధితో కలుపుకుంటోంది. టీచరు చేయవలసింది ఆ పిల్ల మరిన్నిసార్లు చూసేలా చేయడం.

అందుకు పెద్ద సరంజామా అక్కర్లేదు. గుప్పెడు ముగ్గుపిండి చాలు. ఎండ పడే ముంగిట్లో ఉదయం తొమ్మిదింటికి ఒక పిల్లను నిలబెట్టి, పాదాల చుట్టూ ముగ్గుతో గీత గీయాలి. తక్కిన పిల్లలు నీడ అంచు వెంట ముగ్గు వేస్తారు. కొందరి గీత వంకర పోతుంది, ఒకరు చెరిపేస్తారు, ఇంకొకరు నీడ తలకు పూలు పెడతారు. పదకొండింటికి అదే పిల్లను అవే పాదాల గీతల్లో మళ్లీ నిలబెట్టాలి. పొద్దున గీసిన తల ఇప్పుడు ఖాళీగా, ఎండలో ఉంటుంది. ‘నా తల ఎటు పోయింది?’ అని ఆ పిల్ల అడుగుతుంది. పన్నెండింటికి మూడోసారి గీస్తే ముంగిట్లో ఒకే పిల్లకు మూడు నీడలు, మూడు పొడవులు, మూడు దిక్కులు తేలతాయి.

టీచరు కోసం లెక్క కూడా చూద్దాం. నాలుగేళ్ల పిల్ల ఎత్తు ఇంచుమించు మీటరు. డిసెంబరు చివర హైదరాబాదులో ఉదయం తొమ్మిదింటికి ఆమె నీడ దాదాపు 2 మీటర్లుంటుంది. మధ్యాహ్నానికి 86 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. అంటే పొద్దున నాన్నకంటే పొడుగున్న నీడ, అన్నం వేళకు ఆ పిల్లకంటే పొట్టిదవుతుంది. ఈ అంకెలు పిల్లలకు అక్కర్లేదు. వాళ్లు అడుగులతో కొలుస్తారు, పడుకుని కొలుస్తారు, తాడు పట్టుకుని కొలుస్తారు.

తెలుగు ఎంత గొప్ప పనిముట్టో సరిగ్గా ఇక్కడే తెలుస్తుంది. మన భాషలో పొద్దు అంటే సూర్యుడు, పొద్దు అంటే కాలం కూడా. పొద్దు పొడిచింది, బారెడు పొద్దెక్కింది, నడినెత్తికొచ్చింది, వాలింది, గుంకింది. ఆకాశాన్ని బారలతో కొలిచిన రైతుల మాట ఇది. చెయ్యి చాచి ‘బారెడు’ చూపిస్తూ ఈ మాట చెప్పిన టీచరు భౌతికశాస్త్రం, గణితం, తెలుగు మూడూ ఒక్క వాక్యంలో నేర్పినట్టే. ఎండ, నీరెండ, ఎండపొడ, వెన్నెల, మసక, మునిమాపు, చిరుచీకటి, కారుచీకటి: వెలుగుకు ఇన్ని మెట్లు ఉన్నాయని చెప్పే మాటలు మన ఇళ్లలోంచి జారిపోతున్నాయి. చూపించకుండా ఈ మాటలను బతికించలేం. మునిమాపు చూడని పిల్లకు మునిమాపు అన్నది బట్టీపట్టే పదమే.

ఎండపొడ సంగతే తీసుకోండి. మామిడిచెట్టు కింద నేల మీద పడే వెలుగు చుక్కల్ని గమనిస్తే చాలావరకు గుండ్రంగా ఉంటాయి. ఆకుల సందులు మాత్రం గుండ్రంగా ఉండవు. ప్రతి చుక్కా సూర్యుడి ప్రతిబింబం కావడమే కారణం. చిన్న సందు సూదిబెజ్జం కెమెరాలా పనిచేస్తుంది. పాక్షిక సూర్యగ్రహణం రోజున అవే చుక్కలు నెలవంకలవుతాయి. పిల్లలు ఆ చుక్కల్ని అరచేతిలో పట్టుకుంటే చాలు, కారణం పదో తరగతి దాకా ఆగగలదు.

గదిలో చేయదగ్గవీ ఉన్నాయి. ఒక టార్చి, గాజుగ్లాసు, నూనె కాగితం, ఇత్తడి చెంబు. గ్లాసులోంచి వెలుగు గోడను చేరుతుంది, చెంబు దగ్గర ఆగిపోతుంది. మధ్యలో కాగితం ఉంది. మామూలు తెల్లకాగితం మీద పిల్లల చేతనే ఒక నూనెచుక్క వేయించి టార్చి పెడితే, ఆ చుక్క మేరకే వెలుగు మెరుస్తుంది. కాగితం నారల మధ్య గాలి ఖాళీలు వెలుగును చెదరగొడతాయి. నూనె ఆ ఖాళీలను నింపేసరికి వెలుగుకు దారి దొరుకుతుంది. గారెలు కట్టి తెచ్చిన కాగితాన్ని కిటికీకి ఎత్తి చూసిన పిల్లలకు ఇది కొత్త కాదు. పారదర్శకం, అపారదర్శకం వంటి మాటలు ఆరో తరగతిలో ఎదురైనప్పుడు ఆ నూనెచుక్కే వాళ్లకు గుర్తురావాలి.

ఈ సూత్రం మీద మనవాళ్లు ఒక కళనే నిలబెట్టారు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలం నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలును వెలుగు చొరబడేంత పల్చన చేసి, రంగులద్ది, రంధ్రాలు పొడిచి తోలుబొమ్మలు చేస్తున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తెర మీద పడే నీడ నల్లగా కాక రంగులతో వెలగడం తోలుబొమ్మలాట ప్రత్యేకత. తరగతిలో తెల్లపంచె ఒకటి కట్టి, వెనక టార్చి పెట్టి, అట్టముక్కతో కత్తిరించిన కోడిని ఆడిస్తే చాలు. బొమ్మను దీపానికి దగ్గరగా తెస్తే కోడి ఏనుగంత అవుతుంది, దూరం జరిపితే పిట్టంత అవుతుంది. ఎవరూ చెప్పకుండానే ఈ రహస్యాన్ని పిల్లలు పట్టేస్తారు. ఆ కోడికి కథ కూడా వాళ్లే చెబుతారు. విజ్ఞానమూ సాహిత్యమూ ఆ పంచె మీద విడివిడిగా ఉండవు.

హరివిల్లునూ ముంగిట్లోకి దించుకోవచ్చు. ఇస్త్రీ చేసేవాళ్లు నీళ్లు చల్లే సీసా ఒకటి తెచ్చి, పొద్దుకు వీపు పెట్టి, ఎదుట సన్నని తుంపర కొడితే రంగుల ముక్క కనిపిస్తుంది. ఉదయమో సాయంత్రమో చేయాలి. సూర్యుడు 42 డిగ్రీలకు మించి ఎత్తున ఉంటే ఆకాశంలో హరివిల్లు కనిపించదు. అది ఎప్పుడూ పొద్దుకు ఎదురు దిక్కునే ఏర్పడుతుంది కాబట్టి పొద్దుటి హరివిల్లు పడమట, సాయంత్రపు హరివిల్లు తూర్పున పడుతుంది.

ఈ ఆటల్లో జాగ్రత్తలు తప్పనిసరి. సూర్యుణ్ని నేరుగా చూడనివ్వకూడదు, గ్రహణమప్పుడైతే అసలే వద్దు. అద్దం వెలుగును ఎవరి కళ్లలోకీ తిప్పనివ్వకూడదు. లేజరు లైట్లను తరగతిలోకి రానివ్వకూడదు. భూతద్దం టీచరు చేతిలోనే ఉండాలి.

వెలుగు పాఠం మొక్కల దగ్గర మరింత లోతుగా దిగుతుంది. నానబెట్టిన పెసలను మూడు గ్లాసుల మట్టిలో నాటించాలి. ఒకటి కిటికీలో, ఒకటి చీకటి అలమారలో, మూడోది ఒక పక్క రూపాయి బిళ్లంత రంధ్రం చేసిన చెప్పుల డబ్బాలో పెట్టాలి. రోజూ కాసిని నీళ్లు చల్లాలి. వారం తిరక్కుండానే కిటికీ మొక్క పచ్చగా, పొట్టిగా ఉంటుంది. అలమారలోది పాలిపోయి, సన్నగా సాగిపోయి ఉంటుంది. డబ్బాలోది రంధ్రం వైపు మెడ వంచి ఉంటుంది. చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ కలిసి 1880లో ప్రచురించిన గ్రంథంలో ఉన్నది ఇలాంటి పరిశీలనే. లేత గడ్డిమొలకల కొసలకు టోపీ తొడిగితే అవి వెలుగు వైపు వంగలేదు. వెలుగును పసిగట్టేది కొస, వంగేది దాని కింది భాగం. నీడవైపు కణాలు ఎక్కువ సాగడం వల్ల కాండం వెలుగు వైపు ఒరుగుతుందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. డార్విన్ చేసిన పనికి దగ్గరి చుట్టమైన పనిని మన అంగన్‌వాడీ పిల్లలు చెప్పుల డబ్బాతో చేయగలరు.

ఇక పెరటి గడియారం. గుమ్మడిపువ్వు తెల్లవారుతూనే విచ్చుకుంటుంది. బీరపువ్వు, చంద్రకాంత సాయంత్రం దాకా ఆగుతాయి. చింతాకు సందెవేళకు ముడుచుకుంటుంది. పొద్దుతిరుగుడు లేత మొగ్గగా ఉన్నప్పుడే పొద్దు వెంట తిరుగుతుంది, ముదిరాక తూర్పుకే ముఖం పెట్టి నిలిచిపోతుంది. బడి విడిచాక విచ్చే పువ్వును బడిలో చూపలేం. ‘ఈ సాయంత్రం నాయనమ్మతో కలిసి బీరపువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందో చూసి రా’ అని చెప్పి పంపితే, హోంవర్క్ అన్న మాటకు అసలు అర్థం వస్తుంది. తనకేమీ రాదనుకున్న నాయనమ్మ ఆ సాయంత్రం టీచరవుతుంది.

ఈ మార్గం మన దేశానికి కొత్త కాదు. విద్యావేత్త గిజుభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిర్ తెరిచారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీలో, తర్వాత కోస్‌బాడ్‌లో, అనుతాయి వాఘ్‌తో కలిసి ఆదివాసీ పిల్లల మధ్య బడి నడిపారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల ముంగిటికి తీసుకెళ్లారు. ఆకులు, గవ్వలు, గులకరాళ్లే ఉపకరణాలు. అంగన్‌వాడీ అన్న పేరులోని ‘ఆంగన్’ ఆ ముంగిలే. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన విద్యావేత్త మరియా మాంటిస్సోరి, యుద్ధకాలంలో 1942 నుంచి 1944 వరకు కొడైకెనాల్‌లో ఉన్నప్పుడు అక్కడి కొండలూ మొక్కలూ పురుగుల నడుమే తన ప్రకృతి పాఠాలను విస్తరించారు. ఇటలీలోని రెజ్జో ఎమిలియా శిశుపాఠశాలల్లో వెలుగుబల్ల మీద ఆకులు పరిచి ఈనెలు చూడడం నిత్యకృత్యం. పిండి జల్లెడ మీద ఆకు పెట్టి వెలుగుకెత్తినా ఆ ఈనెలే కనిపిస్తాయి.

ప్రభుత్వపరంగానూ అడ్డు లేదు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఇవాళ దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలుగా విస్తరించింది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆటనే చదువుకు ఆధారమంది. అడ్డు ఇళ్లలో ఉంది, అలవాట్లలో ఉంది. ‘ఇవాళ ఏం రాయించారు?’ అని అమ్మానాన్నలు అడిగినంతకాలం టీచరు పేజీలు నింపుతూనే ఉంటుంది. ‘ఇవాళ ఏం చూశావు?’ అని అడగడం మొదలుపెడితే ఆమెకూ ఊపిరాడుతుంది.

అందుకే ఈ వేదిక నుంచి మూడు కోరికలు. టీచర్లు వారానికి ఒక్కపూటైనా పలకలు పక్కనపెట్టి పిల్లలను ఎండలోకి, చెట్టు కిందికి తీసుకెళ్లాలి. అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు రిజిస్టర్లతోపాటు ముంగిలినీ చూడాలి, ముగ్గుతో గీసిన నీడలనూ పాఠంగా లెక్కించాలి. రచయితలు నీడ మీద, ఎండపొడ మీద, బీరపువ్వు మీద, ఆయా ఊళ్ల పలుకుబడిలో, పేజీకి ఒక్క వాక్యం దాటని బొమ్మల పుస్తకాలు రాయాలి.

ఈ పనిని ఒక రోజుతో మొదలుపెడదాం. హైదరాబాదు మీదుగా సూర్యుడు సరిగ్గా నడినెత్తిన సాగే రోజులు ఏడాదికి రెండు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో. మేలో సెలవుల హడావుడి ఉంటుంది కాబట్టి ఆగస్టును పట్టుకుందాం. మబ్బు కరుణిస్తే ఆ మధ్యాహ్నం 12 గంటల 20 నిమిషాల ప్రాంతంలో నిటారుగా నిలిచిన కర్రకు నీడ కనిపించదు. పిల్లల నీడలు వాళ్ల పాదాల కిందే దాక్కుంటాయి. మిగతా ఊళ్లవాళ్లు తమ తేదీని ముందే తెలుసుకుని పెట్టుకోండి. ఆ కాసేపు పిల్లలను ముంగిట్లో నిలబెట్టండి. ఏమీ చెప్పకండి, వాళ్లను చెప్పనివ్వండి. నీడ ఎటు పోయిందని వాళ్లు చెప్పిన ప్రతి మాటనూ వాళ్ల పలుకులోనే రాసి, వచ్చే సదస్సుకు తీసుకురండి.