కాలి నొప్పిని అలుసు చేయొద్దు
(కాప్రా రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఎద్దు కుంటితే ఆ పూటే పశువుల డాక్టరును పిలుస్తాం. మన కాలు కుంటితే గోలీ మింగి పొలం పోతాం. నేనూ అదే చేశాను. 16 లీటర్ల స్ప్రే ట్యాంకు మోస్తుంటే వేళ్ల వెనుక అరికాల్లో నిప్పు తొక్కినట్టయ్యేది. ఓర్చుకుని ఓర్చుకుని, సరిగ్గా నాట్లప్పుడు మంచం పట్టాను.

అక్కడ ఐదు ఎముకల కొసల మీద అడుగడుగునా బరువు పడుతుంది. పలుచటి చెప్పులు, ఇరుకు బూట్లు, బిగిసిన పిక్కలు నొప్పిని పెంచుతాయి.

మెత్తటి, వెడల్పు చెప్పులు వేసుకోండి. పిక్కలు సాగదీయండి. గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు పెట్టండి. ట్యాంకు సగమే నింపండి. ఆనెకాయలను బ్లేడుతో కోయొద్దు. రోజూ నొప్పి గోలీలు మింగితే కిడ్నీలకు ముప్పు. షుగరున్నవాళ్లు, తిమ్మిరి, పుండు ఉన్నవాళ్లు వెంటనే దవాఖానకు పోవాలి.

పల్లె దవాఖానల్లో షుగరుతో పాటు పాదాలనూ పరీక్షించాలని సంఘం తరఫున అడుగుదాం.