దినచర్యలును దేశస్వాతంత్ర్యమును
(శిరివెళ్ల పఠనమందిరమున గావించిన ప్రసంగము)



దేశముల భాగ్యము సంధిపత్రములయందు వ్రాయబడును. కాని యా పత్రములు పుట్టిన తీరు వానియందు గానరాదు. అందులకు, ఆ కాలమున నడచినవాడు రాత్రి దీపముకడ గూర్చుండి తనకై వ్రాసికొనిన దినచర్యను జూడవలెను.

నార్వే దేశీయుడగు నాన్సెన్ 1893 మొదలు 1896 వఱకు ఉత్తరధ్రువ ప్రాంతమున సంచరించిన సాహసికుడు. 1905లో నార్వే స్వీడనుతోడి పొత్తు విడిచినపుడు ఆయన రాయబారియై, డెన్మార్కు రాజకుమారుడగు కార్లును నార్వే సింహాసనమున కొప్పించుటకు బాటుపడెను. ఆ యేటి యాయన దినచర్య పిమ్మట అచ్చుపడి స్వాతంత్ర్యచరిత్ర కాధారమయ్యెను.

అది స్వాతంత్ర్యము గడించిన కథ. పోగొట్టుకొనిన కథకు సాక్షి మన తెలుగువాడే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, అహోబిలము, మహానంది, శ్రీశైలముల మీదుగా కాశికేగి, 1831 సెప్టెంబరులో మరలివచ్చెను. ఆయన యాత్రాచరిత్ర 1838లో అచ్చయినది.

1800లో నిజాము మన సీమను సంధిచేసి కుంపిణీకి ధారవోసెను. రైతు నెవ్వరు నడుగలేదు. శిరివెళ్ల కుంపిణీవారి కడప జిల్లాలో జేరెను. పొరుగున నున్న నంద్యాల కందనూరు నవాబు చేతిలో నుండెను. ఏలిక యెవడో సంధిపత్రము చెప్పును. ఆ యేలుబడిలో శ్రీశైలయాత్రికుడు నవాబునకు సుంకము చెల్లింపవలసివచ్చుటను వీరాస్వామయ్య చెప్పును. 1839లో కుంపిణీ యా నవాబునే పదవినుండి త్రోసివేసెను.

ఇచట నొక హెచ్చరిక చేయుచున్నాము. వీరాస్వామయ్య చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసి. ఇంగ్లీషువారి పాలనయం దాయనకు గౌరవము మెండు. నాన్సెన్ తన దేశపక్షమున నిలిచినవాడు. సాక్షి చెప్పినది విని, ఎచట నిలిచి చూచెనో కూడ విచారింపవలెను.

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానాపై బడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన ఆయనను ఉరిదీసిరి. దొరల కాగితములు కచ్చేరీలలో భద్రముగ నిలిచినవి. మన పక్షమున పాటలు మిగిలినవి. మన కాగితము లేవి?

1947లో స్వాతంత్ర్యము వచ్చినది. అది పోయిన తీరును, వచ్చిన తీరును మనమే వ్రాసికొనవలసియున్నది. కావున మీ యిండ్ల అటకలపై నున్న కవిలెకట్టలను, కరణపు లెక్కలను, తాతల యాత్రాలేఖలను చెదలకు విడువకుడు. ఈ మందిరమునకు దెండు. నకలు వ్రాసికొని మీవి మీకే యిచ్చెదము.