ఎర్ర మాత్ర వెనుక ఎవరున్నారు?

(గోదావరి జిల్లాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చిన్నప్పుడు బడిలో మనందరి చేతా ఒక పట్టిక బట్టీ పట్టించారు. బల్బు ఎడిసన్, టెలిఫోన్ గ్రాహంబెల్, రేడియో మార్కోనీ. ఒక వస్తువు, దానికెదురుగా ఒక మగవాడి పేరు. ఆ వస్తువు అవసరం ముందు ఎవరికొచ్చింది, ఎవరి కష్టం మీద తయారైంది అన్న ప్రశ్నకి ఆ పట్టికలో చోటు లేదు. ఆ ప్రశ్నని ఇవాళ మన జిల్లా మనిషి విషయంలోనే వేసి చూద్దాం.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదువుకున్నారు. 1922లో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో, 1940 నుంచి లెడర్లీ మందుల కంపెనీలో పనిచేశారు. ఆయన నడిపిన పరిశోధక బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది. మన డెల్టాని పీడించిన బోదకాలుకి వాడే డి.ఇ.సి. మందు, కేన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్ కూడా అక్కడ పుట్టినవే. 1948లో ఆయన చనిపోయారు. ఇంతటివాణ్ణి లోకం మరిచిపోయిందని మనం బాధపడుతూ ఉంటాం. ఆ బాధ న్యాయమైనదే. మరి మనం మరిచిపోయిన వాళ్ల సంగతేమిటి?

ఆయన తల్లి వెంకమ్మ. ఇల్లు వదిలి పారిపోయిన పిల్లవాణ్ణి వెనక్కి తెచ్చి, నగలమ్మి చదివించింది. ఆయన మెట్రిక్ మూడోసారికి గాని పాసవలేదు. ఆడపిల్ల రెండుసార్లు తప్పితే మన ఇళ్లలో మూడోసారి ఫీజు కడతారా? ఆయన భార్య శేషగిరి. భర్త ఓడ ఎక్కేనాటికి గర్భవతి. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. భర్త మళ్లీ తిరిగి రాలేదు. ప్రయాణపు ఖర్చుకి మామగారిచ్చిన డబ్బునీ, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయాన్నీ జీవితచరిత్రల్లో లెక్క రాశారు. ఆమె ఇరవై ఆరేళ్ల ఎదురుచూపుని ఏ పద్దులో రాయాలి?

ఇక మందు దగ్గరికి వద్దాం. ఫోలిక్ యాసిడ్ కథ అమెరికాలో మొదలవలేదు. బొంబాయి బట్టల మిల్లుల్లో మొదలైంది. అక్కడి కూలి స్త్రీలు గర్భంతో ఉన్నప్పుడు రక్తం విరిగిపోయి చనిపోతుండేవారు. కారణం తెలుసుకోడానికి 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ వచ్చింది. క్రిములు కారణం కావచ్చని వెతికింది, దొరకలేదు. వాళ్ల తిండి చూసింది. మాంసకృత్తులు, కూరగాయలు, పళ్లు అందని పేదల్లోనే ఈ జబ్బు ఎక్కువగా ఉంది. చివరికి ఈస్టుతో చేసే మార్మైట్ అనే చవక పదార్థం ఇస్తే వాళ్లు కోలుకున్నారు. 1931లో ఆ సంగతి ప్రకటించింది. ఈస్టులో ఉన్న ఆ పదార్థాన్ని చాలాకాలం ‘విల్స్ ఫ్యాక్టర్’ అనే పిలిచారు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి ఇలాంటి పదార్థాన్నే తీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. ఆ తర్వాతది సుబ్బారావుగారి బృందం పని.

సుబ్బారావుగారి గొప్పతనాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తర్వాత ఆ జబ్బుకే ఫోలిక్ యాసిడ్ మందయింది. సొంత ఇంటి చావులు ఆయన్ని కదిలించాయి. కానీ రక్తమిచ్చిన మిల్లు కూలీల పేర్లు మనకెవరికీ తెలియవు. వాళ్లు లేకపోతే అసలు వెతకాల్సింది ఒకటుందనే ఎవరికీ తెలిసేది కాదు.

ఆ మందు ఇవాళ ఎర్ర మాత్రగా, ఇనుముతో కలిసి, మన చేతికొస్తోంది. దేశంలో ఈ మాత్రల పథకం 1970లో మొదలైంది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఎందుకని?

కోనసీమ లంక గ్రామంలో నాట్లకి వెళ్లే ఒకావిణ్ణి అడిగాను. ఆవిడ దూలం మీంచి మాత్రల పొట్లం తీసి చూపించింది. ‘‘వేసుకుంటే కడుపులో తిప్పుద్దండి. ఏదన్నా తిని వేసుకోమన్నారు. పొద్దున్నే టీ నీళ్లు తాగి చేలోకెళ్లేదాన్ని, ఏం తినను? పైగా దొడ్డికి నల్లగా అవుతుంటే భయమేసి మానేశానండి’’ అంది. నల్లగా అవడం ఇనుము వల్లేనని, టీతో కలిపి వేసుకుంటే ఇనుము ఒంటికి పట్టదని ఆవిడకెవరూ చెప్పలేదు. రికార్డులో మాత్రం మాత్రలు ‘ఇచ్చినట్టు’ ఉంటుంది. వేసుకోకపోతే తప్పు ఆవిడది!

ఇంకో సంగతి. బిడ్డ వెన్నుపాము లోపాల్ని ఫోలిక్ యాసిడ్ చాలావరకు ఆపగలదని 1991లో బ్రిటన్ పరిశోధనలో రుజువైంది. కానీ ఆ భాగం గర్భం వచ్చిన మొదటి నాలుగు వారాల్లోనే ఏర్పడిపోతుంది. నెల తప్పిందని తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. అంటే ఈ సంగతి పెళ్లికి ముందే ప్రతి ఆడపిల్లకీ తెలియాలి.

కాబట్టి మందు కనిపెట్టడంతో పని పూర్తవలేదు. అది ఒంటికి పట్టాలంటే పక్కన పళ్లెంలో పప్పూ ఆకుకూరా ఉండాలి, కడుపు నింపే కూలి ఉండాలి, అడిగినదానికి జవాబు చెప్పే మనిషి ఉండాలి. లూసీ విల్స్‌కి ఆ మిల్లు స్త్రీల తిండిలో కనిపించిందీ ఇదే. వచ్చే నెల మన ఊళ్లకి వెళ్లినప్పుడు ‘‘మాత్రలిచ్చారా?’’ అని అడిగి ఊరుకోవద్దు. ‘‘ఏం తిన్నావమ్మా? మాత్ర గురించి నీకేం చెప్పారు?’’ అని కూడా అడుగుదాం. ఆ జవాబులు రాసుకుని వచ్చి ఆరోగ్య కేంద్రం ముందు పెడదాం.